బాగానే ఉన్నానన్నవాడి చేతిలో తాళాలు

(రహదారి భద్రత మీద జరిగిన ఒక సభలో, ఆసుపత్రి అత్యవసర విభాగంలో పనిచేసే వైద్యుడొకరు చేసిన ప్రసంగం ఇది. చెప్పింది చెప్పినట్టే, ఒకటికి రెండుసార్లు వచ్చిన మాటలు మాత్రం తీసేసి ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం.

నేను ఇరవై రెండేళ్ళుగా క్యాజువాల్టీలో పనిచేస్తున్నాను. రాత్రి డ్యూటీల్లో ఒక మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. దాంతోనే మొదలుపెడతాను. స్ట్రెచర్ లోపలికొస్తుంది. వెనకాలే ఇద్దరో ముగ్గురో స్నేహితులు. వాళ్ళ చొక్కాల మీద రక్తం ఉంటుంది, అది వాళ్ళది కాదు. నేను అడిగేవి మామూలు ప్రశ్నలే. ఎప్పుడు జరిగింది? స్పృహ తప్పాడా? వాంతి అయిందా? వీటన్నిటికీ గబగబా చెప్తారు. "ఎంత తాగాడు?" అన్నప్పుడు మాత్రం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. కాసేపాగి, "బయల్దేరేటప్పుడు బాగానే ఉన్నాడు సార్" అంటారు.

వాళ్ళు అబద్ధమాడటం లేదండి. వాళ్ళ కళ్ళకి నిజంగానే బాగున్నాడు. ఆ కుర్రాడికీ తను బాగానే ఉన్నట్టు అనిపించింది. నవ్వుతూ అందరికీ వెళ్ళొస్తానని చెప్పాడు, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు, తాళం తడుముకోకుండా పెట్టాడు. ఇంత బాగున్నవాడు నాలుగు కిలోమీటర్లు దాటేసరికి నా దగ్గరికి ఎలా వచ్చాడు? ఇన్నేళ్ళుగా నన్ను వెంటాడుతున్న ప్రశ్న ఇది. దానికి నాకు దొరికిన జవాబు మీ ముందు పెట్టడానికి వచ్చాను.

ముందే ఒక మాట. తాగడం మంచిదా చెడ్డదా అన్న చర్చ చెయ్యడానికి నేను రాలేదు. తాగేవాళ్ళలో మారాలనుకునేవాళ్ళు ఉన్నారు, అనుకోనివాళ్ళూ ఉన్నారు. ఇద్దరికీ ఈ రాత్రి ఇల్లు చేరాల్సిన అవసరం ఒకటే. దారిలో ఎదురయ్యేవాడికి, ఒక్క చుక్క ముట్టని వాడికి, ఆ అవసరం ఇంకా ఎక్కువ.

కడుపులో పడ్డ మందులో కొంత జీర్ణాశయం గోడల్లోంచి రక్తంలోకి పోతుంది. ఎక్కువ భాగం మాత్రం చిన్నపేగుల్లోంచి పోతుంది. ఖాళీ కడుపు మీదైతే తొందరగా ఎక్కుతుంది. తిని ఉంటే నెమ్మదిగా ఎక్కుతుంది, అంతే తప్ప ఎక్కకుండా పోదు. చివరి గుక్క తాగాక అరగంట నుంచి గంటన్నర దాకా కూడా రక్తంలో మోతాదు పెరుగుతూ ఉండొచ్చు. చాలామంది ఇక్కడే మోసపోతారు. గ్లాసు కింద పెట్టి, "ఇంకా పూర్తిగా ఎక్కలేదు, ఈలోపే ఇంటికి చేరిపోదాం" అనుకుని బండి తీస్తారు. ఎక్కేది దారి మధ్యలో. వాహనాలు ఎక్కువున్నచోట, వేగంగా పోతున్నప్పుడు.

మెదడు మీద అది పనిచేసే వరస కూడా తెలుసుకోవాలి. తూలడం, మాట ముద్దగా రావడం, కళ్ళు నిలవకపోవడం, వీటినే మనం తాగినట్టు గుర్తులనుకుంటాం. ఇవన్నీ తరవాత వచ్చేవి. అంతకన్నా ముందే మందగించేది మంచీచెడూ బేరీజు వేసుకునే తెలివి. దాంతోపాటు ఒకేసారి నాలుగు వైపులా కనిపెట్టుకుని ఉండే శక్తి. తను నడపగలడో లేడో ఎవరైనా ఆ తెలివితోనే కదా తేల్చుకోవాలి? రాయి అరిగిపోయిన తక్కెడతో తనను తనే తూచుకుని, సరిపోయింది అనుకుంటాడు. "బాగానే ఉన్నా" అనే మాట అక్కణ్ణుంచి వస్తుంది. అందుకే అది మందు ఎక్కలేదనడానికి రుజువు కాదు. చాలాసార్లు ఎక్కిందనడానికే రుజువు.

అలవాటు పడ్డవాళ్ళ సంగతి ఇంకొంచెం వేరు. రోజూ తాగేవాడు తూలకుండా నడుస్తాడు, తడబడకుండా మాట్లాడతాడు. ఆ అభ్యాసం పైపైదే. తెలిసిన దారిలో, ఏమీ అడ్డురానంత సేపు, బండి నడిచిపోతుంది కూడా. అలా వంద రాత్రులు ఇంటికి చేరతాడు. ఆ వంద రాత్రులే వాడికి ధైర్యం. నూటొకటో రాత్రి లైటు లేని సైకిలొకటి పక్కసందులోంచి వస్తుంది. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. బ్రేకు మీద కాలు పడటం అర సెకను ఆలస్యమైతే ఎనిమిది మీటర్లు దాటిపోయినట్టే. మీరు కూర్చున్న కుర్చీ నుంచి ఈ వేదిక దాకా ఉంటుందేమో ఆ దూరం. సైకిలు మీద ఉన్నవాడికి అదే జీవితమంతా.

ఇంకొకటి చెప్పాలి, ఇది డాక్టర్లలో కూడా చాలామంది పట్టించుకోరు. ఎడ్వర్డ్ మెలన్‌బీ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు 1919లో ఒక విషయం గమనించాడు. రక్తంలో ఆల్కహాల్ మోతాదు అంతే ఉన్నా, అది పైకి ఎక్కుతున్నప్పుడు కనపడేంత మత్తు, కిందికి దిగుతున్నప్పుడు కనపడదు. తరవాత మనుషుల మీద జరిగిన పరిశోధనల్లో తేలిందేమంటే, దిగే దశలో మత్తుగా ఉన్నట్టు అనిపించడం తగ్గిపోతుంది గానీ, బండి నడిపే సామర్థ్యం అంత తొందరగా వెనక్కి రాదు. మామూలు మాటల్లో చెప్పాలంటే, పదకొండింటికి తల తిరిగినవాడు ఒంటిగంటకి "హమ్మయ్య, దిగిపోయింది" అంటాడు. రెండు గంటల కిందటి తనతో పోల్చుకుంటున్నాడు. సాయంత్రం ఆరింటికి, తాగకముందు ఉన్న తనతో పోల్చుకోవడం లేదు.

మరి ఎప్పుడు దిగుతుంది? దీనికి లెక్క ఉంది. స్వీడన్‌కి చెందిన ఎరిక్ విడ్‌మార్క్ 1932లో ప్రచురించిన సూత్రాన్నే ఇవాళ్టికీ కోర్టుల్లో నిపుణులు వాడుతున్నారు. ఒక ఉదాహరణ చూద్దాం. డెబ్బై కిలోల మగమనిషి. నలభై శాతం ఆల్కహాల్ ఉన్న విస్కీ, అరవై మిల్లీలీటర్ల పెగ్గులు ఐదు. ఒక్కో పెగ్గులో 19 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, మొత్తం 95 గ్రాములు. సూత్రం ప్రకారం ఇది 100 మిల్లీలీటర్ల రక్తంలో దాదాపు 200 మిల్లీగ్రాములకి వస్తుంది. కాలేయం దాన్ని గంటకి సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గిస్తుంది. రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి పన్నెండుకి ఆపాడనుకోండి. పొద్దున్న ఆరింటికి తొమ్మిది గంటలు గడిచాయి, అంటే 135 పోయింది. ఇంకా 65 మిగిలింది.

ఆరింటికి లేచాడు, స్నానం చేశాడు, ఇస్త్రీ బట్టలు వేసుకున్నాడు, పిల్లని బడి దగ్గర దింపడానికి బండి తీశాడు. ఒంట్లో 65 ఉంది. చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే హద్దు 50. మన దేశంలో 30. స్వీడన్‌లో 20. ఆ మనిషి ఆ క్షణంలో తాగి బండి నడుపుతున్నాడని వాడికీ తెలియదు, వాళ్ళావిడకీ తెలియదు. ఎందుకంటే మన భాషలో "తాగి నడపడం" అంటే రాత్రిపూట జరిగే పని. పూర్తిగా సున్నాకి రావాలంటే ఆ లెక్కన పదిన్నర దాకా ఆగాలి. ఈ అంకెలు మనిషిని బట్టి మారతాయి. ఆడవాళ్ళ శరీరంలో నీటి పాలు తక్కువ కాబట్టి అదే బరువున్నా, అంతే తాగినా మోతాదు ఎక్కువ తేలుతుంది. దయచేసి ఈ లెక్కని ఎంత తాగి నడపొచ్చో తేల్చుకోవడానికి వాడొద్దు. పొద్దున్న బండి తియ్యకుండా ఉండటానికి వాడండి.

కాఫీ ఇవ్వడం, తల మీద చన్నీళ్ళు పొయ్యడం, నిమ్మకాయ పిండి తాగించడం, ఇవేవీ కాలేయాన్ని తొందరపెట్టలేవు. కాఫీతో నిద్ర ఆగుతుంది, అంతే. వాంతి చేయిస్తే ఇంకా రక్తంలో కలవనిదేదైనా ఉంటే అది పోతుంది, కలిసింది బయటికి రాదు. పైగా మత్తులో ఉన్నవాడి చేత బలవంతంగా వాంతి చేయించడం ప్రమాదం, అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. కాలం ఒక్కటే మందు దీనికి.

ఇప్పుడు చట్టాల దగ్గరికి వస్తాను, త్వరగా ముగిస్తాను. రక్తంలో ఇంత మించితే నేరం అని అంకె పెట్టి చట్టం చేసిన మొదటి దేశం నార్వే, 1936లో. అంకె పెట్టడం బాగానే ఉంది గానీ కొలిచేదెలా? రోడ్డు పక్కన రక్తం తియ్యలేరు కదా. 1954లో అమెరికాలో రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ అనే ఆయన చేతిలో పట్టుకెళ్ళగల బ్రీత్ ఎనలైజర్ తయారుచేశాడు. ఊపిరితిత్తుల లోతుల్లోంచి వచ్చే గాలిలో ఉండే ఆల్కహాల్, రక్తంలో ఉన్నదానిలో సుమారు 2100వ వంతు. ఆ నిష్పత్తి మీదే ఆ పరికరం నడుస్తుంది. ఆయన అక్కడితో ఆగలేదు. గ్రాండ్ రాపిడ్స్ అనే ఊళ్ళో ప్రమాదాలు జరిగినచోట్ల, ప్రమాదంలో ఉన్న డ్రైవర్లనీ, అలాంటి చోటే అలాంటి వేళే ప్రమాదం లేకుండా వెళ్ళిన డ్రైవర్లనీ ఊపిరి పరీక్ష చేసి పోల్చి, 1964లో ఆ ఫలితాలు బయటపెట్టాడు. మోతాదు పెరిగేకొద్దీ ప్రమాదం ఎలా ఎగబాకుతుందో అంత పెద్ద ఎత్తున లెక్కగట్టి చూపించిన అధ్యయనం అదే.

1967లో బ్రిటన్ చట్టం తెచ్చింది. బార్బరా కాసిల్ అప్పుడు రవాణా మంత్రి. డ్రైవింగ్ రాని ఆడమనిషి మాకు చెప్పడమేమిటని ఆవిడ మీద విరుచుకుపడ్డారు, ఆవిడ లొంగలేదు. చట్టం అమల్లోకి రాగానే రోడ్డు మీద చావులు బాగా తగ్గాయి. కొన్నేళ్ళకి మళ్ళీ పెరగడం మొదలైంది. ఎందుకంటే జనానికి అర్థమైపోయింది, పట్టుబడేది ఎప్పుడో ఒకసారేనని. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 1982 డిసెంబరు 17న ఇంకో పద్ధతి మొదలుపెట్టారు. అనుమానం ఉన్నా లేకపోయినా, తాగినట్టు కనపడినా కనపడకపోయినా, ఎవరినైనా ఆపి ఊదించొచ్చు. ఎక్కడ పడితే అక్కడ, కంటికి కనపడేలా చేశారు. అక్కడ తగ్గిన చావులు తగ్గినట్టే నిలబడ్డాయి. శిక్ష ఎంత పెద్దదన్నదాని కంటే, ఈ రాత్రి ఈ దారిలో పట్టుబడతానేమో అన్న ఆలోచనే మనిషిని ఆపింది.

క్యాండీ లైట్నర్ గురించి చెప్పకుండా ఈ భాగం దాటలేను. 1980 మే నెలలో కాలిఫోర్నియాలో ఆవిడ కూతురు క్యారీ, పదమూడేళ్ళ పిల్ల, రోడ్డు పక్కన నడిచి వెళ్తుంటే ఒకడు తాగి కారుతో గుద్ది వెళ్ళిపోయాడు. వాడు అంతకుముందు కూడా పట్టుబడినవాడే. కొద్ది రోజుల కిందటే ఇంకొకరిని గుద్ది బెయిలు మీద తిరుగుతున్నాడు. ఆ తల్లి ఆ ఏడాదే తనలాంటి తల్లులతో ఒక సంస్థ పెట్టింది. అప్పటిదాకా ఇలాంటి చావులన్నిటినీ "యాక్సిడెంట్" అనేవారు. ఆ మాటని ఆవిడ ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోను. తాళాలు చేతిలోకి తీసుకున్న క్షణం ఒకటి ఉంటుంది. అనుకోకుండా జరిగింది అనడానికి ఆ క్షణం అడ్డొస్తుంది.

ఇక్కడ ఒక పని చేద్దాం. "ఏం పరవాలేదు, మెల్లగా వెళ్తాలే" అని జీవితంలో ఒక్కసారైనా అన్నవాళ్ళు, లేదా అంటే విని ఊరుకున్నవాళ్ళు, చెయ్యెత్తండి.

(సభలో చాలామంది చేతులెత్తారు.)

నేనూ ఎత్తాను, చూశారు కదా. విని ఊరుకున్నవాళ్ళలో ఉన్నాను.

ముందు ఊరుకోని రాత్రి ఒకటి చెప్తాను. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. కొత్తగా క్యాజువాల్టీలో చేరాను. ఒక రాత్రి మా ఇంట్లో బంధువులందరూ కలిశారు. మా బావగారు, అంటే అక్క భర్త, బాగా తాగి పదకొండున్నరకి బండి దగ్గరికి నడిచాడు. గేటు దగ్గర నేను అడ్డం నిలబడ్డాను. ఇప్పుడు మీకు చెప్పానే, ఈ మోతాదులు, ఈ కాలేయం, ఈ లెక్కలన్నీ ఆయనకి చెప్పాను. గొంతు పెంచాను. చుట్టూ మనుషులున్నారు. ఆయన మొహం ఎర్రబడింది. "డాక్టరువయ్యావని నాకు పాఠాలు చెప్తున్నావా? ఇరవై ఏళ్ళుగా నడుపుతున్నాను నేను, తప్పుకో" అన్నాడు. చెయ్యి తాళాల మీద ఇంకా బిగుసుకుంది. నేను తాళాలు లాక్కోబోయాను. ఇంకో నిమిషం అయితే కొట్టుకునేవాళ్ళం.

అప్పుడు మా అమ్మ వచ్చింది. తాగుడు మాటే ఎత్తలేదు. తాళాల వంక చూడనైనా లేదు. "బాబూ, ముందుగదిలో మీకు పక్క వేశాను, ఫ్యాను కూడా వేసి ఉంచాను. పొద్దున్నే వెళ్దురుగాని, రండి" అంది. అంతే. ఆయన రెండు క్షణాలు అలాగే నిలబడ్డాడు. తరవాత, "అత్తయ్య అన్నారు కాబట్టి" అని నా వైపు ఒక చూపు చూసి, లోపలికి వెళ్ళాడు. తాళాలు బల్ల మీద పెట్టి పడుకున్నాడు.

ఆ రాత్రి నాకు కోపం వచ్చింది. నేను చెప్పిన నిజం కంటే అమ్మ వేసిన పక్క ఎక్కువైందా అని. తరవాత తెలిసింది, నేను ఆయన్ని ఓడించడానికి చూశాను, అమ్మ పడుకోవడానికి చోటు చూపించింది. నేను పెట్టిన షరతుకి ఒప్పుకోవాలంటే ఆయన నలుగురి ముందు "నేను తూలుతున్నాను" అని ఒప్పుకోవాలి. అమ్మ మాట వినడానికి ఏదీ ఒప్పుకోనక్కర్లేదు. తెలివి మందగించిన మనిషికి కూడా పరువు మాత్రం చురుగ్గానే ఉంటుంది. ఆ పరువుకి దెబ్బ తగలకుండా తప్పుకునే దారి ఒకటి చూపించగలిగితే, సగం మంది తాళాలు వాళ్ళే ఇచ్చేస్తారు. నలుగురిలో కాకుండా పక్కకి పిలిచి మాట్లాడండి. ఆయనకి ఎవరంటే గౌరవమో వాళ్ళ చేత చెప్పించండి. "నువ్వు తాగావు" అనకుండా "నేను దింపుతా, పద" అనండి. అప్పటికీ వినకపోతే, తాళాలు దాచెయ్యండి, మీకు పొద్దున్న తిట్లు పడితే పడనివ్వండి. తిట్టడానికి మనిషి ఉంటాడు. బండి తీసుకుని వెళ్ళిపోయాడా, సిగ్గుపడకుండా పోలీసులకి ఫోన్ చెయ్యండి. నేను విని ఊరుకున్న సందర్భం వేరే ఉంది. దాని గురించి ఇక్కడ చెప్పలేను.

అసలు గేటు దగ్గర ఈ గొడవ రాకుండా చూసుకోవడమే మేలు. ఎలా వెళ్తామన్నది మొదటి గుక్కకి ముందే తేలిపోవాలి. తెలివి పూర్తిగా మన చేతిలో ఉన్నది అప్పుడే కాబట్టి. సాయంత్రం బయల్దేరేటప్పుడే బండి ఇంట్లో వదిలేసి వెళ్తే రాత్రి ఏ నిర్ణయమూ తీసుకోనక్కర్లేదు.

గుంపులో ఒకరు తాగకుండా ఉండి అందర్నీ దింపడం అనే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. అమెరికాలో 1988లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు టీవీ ధారావాహికలు రాసేవాళ్ళని ఒప్పించి, కథల్లో ఈ తాగని డ్రైవర్ మాట దొర్లేలా చేశారు. కొన్నేళ్ళలో ఆ మాట నిఘంటువుకి ఎక్కింది. బెల్జియంలో 1995లో ఆ మనిషికి "బాబ్" అని పేరు పెట్టి ప్రచారం చేశారు. "ఇవాళ బాబ్ ఎవరు?" అని అడగడం అలవాటైపోయింది. జపాన్‌లో "హ్యాండిల్ కీపర్" అంటారు. పేరు పెట్టడం చిన్న విషయం అనుకోకండి. పేరు లేకముందు తాగనివాడు గుంపులో లోకువ. పేరొచ్చాక వాడికో హోదా వచ్చింది, "తాగవేంరా" అని బలవంతపెట్టేవాళ్ళకి జవాబు దొరికింది.

దీంట్లో ఒక లోపం ఉంది, అది కూడా చెప్పాలి. అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ళు 2013లో ప్రచురించిన పరిశీలనలో, రాత్రిపూట బార్ల నుంచి బయటికొస్తున్నవాళ్ళలో "ఇవాళ డ్రైవర్ని నేనే" అన్నవాళ్ళని ఊదించి చూస్తే మూడో వంతుకి పైగా తాగి ఉన్నారు. అందరిలోకి తక్కువ తాగినవాణ్ణి చివర్లో ఎంచుకోవడం మనకీ తెలిసిన అలవాటే. తక్కువ తాగినవాడు తాగనివాడు కాదండి. ఆ మనిషి ఎవరో ముందే తేలాలి, ఒక్క చుక్క ముట్టకూడదు. వాడి భోజనం ఖర్చు మిగతావాళ్ళు పెట్టుకుంటే ధర్మంగా ఉంటుంది.

అయినా ఒక చిక్కు మిగులుతుంది. బండితో వచ్చినవాడు బండి వదిలి వెళ్ళడానికి ఇష్టపడడు. "పొద్దున్న మళ్ళీ బండి కావాలి" అంటాడు. చాలామంది తాగి నడపడానికి అసలు కారణం ఇదే. జపాన్, కొరియా దేశాలు ఈ చిక్కుని బాగా పట్టుకున్నాయి. జపాన్‌లో ఫోన్ చేస్తే ఇద్దరు డ్రైవర్లు ఒక కారులో వస్తారు. ఒకరు మీ కారు నడిపి మిమ్మల్ని మీ ఇంటి దగ్గర దింపుతారు, రెండోవారు వెనకాలే వాళ్ళ కారులో వచ్చి మొదటివాణ్ణి ఎక్కించుకుని వెళ్తారు. మనిషీ ఇంటికి చేరాడు, కారూ చేరింది. కొరియాలో కూడా ఇలా అద్దె డ్రైవర్ని పిలిపించుకోవడం సర్వసాధారణం. ఈ ఏర్పాటు ఉన్నచోట "బండి ఎలా?" అన్న సాకు మిగలదు. ఇది నగరాల్లో ఇప్పుడు చాలాచోట్ల దొరుకుతోంది, వాడుకోండి.

జపాన్ ఇంకో అడుగు వేసింది. 2006లో ఫుకువోకాలో ఒకడు తాగి వెనకనుంచి కారుని గుద్దితే, అది వంతెన మీద నుంచి సముద్రంలో పడి ముగ్గురు పసిపిల్లలు చనిపోయారు. మరుసటేడు చట్టం మార్చారు. తాగినవాడికి బండి ఇచ్చినవాడికి, నడుపుతాడని తెలిసీ మందు పోసినవాడికి, తెలిసి పక్కన ఎక్కి కూర్చున్నవాడికి కూడా శిక్ష పెట్టారు. నాకు ఇది కరుకుగా అనిపించదు. స్ట్రెచర్ వెనక వచ్చిన ఆ ముగ్గురు స్నేహితుల్ని చూసినవాడెవడికీ అనిపించదు. చట్టం ఉంటే వాళ్ళు ముందే అడ్డుపడేవాళ్ళేమో.

ఇంటికి చేర్చడంలో కూడా జాగ్రత్తలున్నాయి. బాగా తాగినవాణ్ణి ద్విచక్ర వాహనం మీద వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళడం నేను చాలాసార్లు చూశాను. నడిపేవాడు తాగలేదు, మంచి ఉద్దేశమే. వెనకవాడు నిద్రలోకి జారి ఒక పక్కకి వాలిపోతాడు. పట్టుకున్న చేతులు వదిలేస్తాడు. మలుపులో పడిపోతాడు, కొన్నిసార్లు ఇద్దరూ పడతారు. కూర్చోగలిగినా, తల నిలపలేనివాణ్ణి బండెక్కించొద్దు, కారు కావాలి. కారెక్కించి చేతులు దులుపుకోవద్దు. తన చిరునామా తను చెప్పలేనివాడితో ఒకరు వెంట వెళ్ళాలి. నడిచి వెళ్ళిపోతాడులే అని రోడ్డు మీద వదలొద్దు, గుద్దించుకుని నా దగ్గరికొచ్చినవాళ్ళలో తాగి నడిచిపోతున్నవాళ్ళూ ఉన్నారు. కారులోనే ఏసీ వేసుకుని పడుకుంటానన్నా ఒప్పుకోవద్దు. మూసిన షెడ్డులో ఇంజను నడుస్తుంటే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు, మనిషి లేవడు.

ఇల్లు చేరాక కథ ముగిసిందనుకుంటాం. ముగియలేదు. ఒక కుర్రాణ్ణి ఉదయం ఏడింటికి తీసుకొచ్చారు. స్నేహితులు రాత్రి భద్రంగా గదికి చేర్చారు, చెప్పులు విప్పారు, దుప్పటి కప్పారు, లైటు ఆపారు. వెల్లకిలా పడుకోబెట్టారు. నిద్రలో వాంతి అయి ఊపిరి ఆడలేదు. మేం చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది. ఆ స్నేహితులు తప్పు చెయ్యాలనుకోలేదు, వాళ్ళకి ఎవరూ చెప్పలేదంతే.

అందుకని ఇప్పుడు చెప్తున్నాను. మత్తులో ఉన్నవాణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టండి. పైనున్న మోకాలు మడిచి ముందుకి పెట్టండి, అప్పుడు మళ్ళీ వెల్లకిలా దొర్లడు. పైచెయ్యి చెంప కింద పెట్టి, నోరు కొంచెం కిందికి ఉండేలా చూడండి. వెనక ఒక దిండు ఆనించండి. ఒంటరిగా వదలొద్దు. నిద్రపోయాక కూడా రక్తంలో మోతాదు పెరగొచ్చని చెప్పాను, గుర్తుంది కదా. పేరు పెట్టి పిలిచి, భుజం గట్టిగా నొక్కినా లేవకపోయినా, ఊపిరి నిమిషానికి ఎనిమిది కంటే తగ్గినా, ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్లు ఆగినా, పెదాలు నీలంగా మారినా, ఒళ్ళు చల్లబడినా, ఫిట్స్ వచ్చినా వెంటనే అంబులెన్సు పిలవండి. తాగాక ఎక్కడైనా పడి తలకి దెబ్బ తగిలిందని తెలిస్తే ఇవేవీ వచ్చేదాకా ఆగొద్దు. తలలో రక్తం గడ్డకడుతున్నా పైకి అచ్చం మత్తులాగే ఉంటుంది. మాకే స్కాన్ తీస్తే గాని తెలియదు.

నా మాటలు ఇక్కడ ఆపుతాను. అడగాలనుకున్నవాళ్ళు అడగండి.

(సభలోంచి ఒకరు: తాగినవాళ్ళ బండి అసలు స్టార్టే కాకుండా చేసే పరికరాలు ఉన్నాయంటారు, అవి పనికొస్తాయా?)

పనికొస్తాయండి. ఊదితే గాని ఇంజను అంటుకోదు. పట్టుబడినవాళ్ళ బండికి ఇవి బిగించమని కొన్ని దేశాల్లో కోర్టులు ఆదేశిస్తాయి. బిగించి ఉన్నంతకాలం మళ్ళీ తాగి నడపడం బాగా తగ్గుతుంది. తీసేశాక చాలామంది పాత దారికే వస్తారు. కాబట్టి దాంతోపాటు తాగుడు మాన్పించే వైద్యం కూడా నడవాలి. పదేపదే పట్టుబడేవాడిది చాలాసార్లు జబ్బు. వాడికి లైసెన్సు రద్దుతోపాటు డాక్టరు కూడా కావాలి.

(ఒక మహిళ: మా అబ్బాయికి ఇరవై రెండేళ్ళు. స్నేహితులతో వెళ్తుంటాడు. తాగుతాడో లేదో నాకు చెప్పడు. అడిగితే చిరాకు పడతాడు. నేనేం చెయ్యాలి?)

అమ్మా, మీరు అడగొద్దు, ఒక మాట ఇవ్వండి. "ఏ రాత్రయినా, ఎంత దూరమైనా, నువ్వు నడపలేకపోయినా, నిన్ను ఎక్కించుకున్నవాడు తాగి ఉన్నా, ఫోన్ చెయ్యి. వస్తాం. ఆ రాత్రి ఒక్క ప్రశ్న అడగం" అని చెప్పండి. చెప్పాక ఆ రాత్రి నిజంగానే అడగొద్దు. ఒక్కసారి తిట్టారా, రెండోసారి ఫోన్ రాదు. తిట్టాలని ఉంటే మర్నాడు సాయంత్రం కూర్చోబెట్టి మాట్లాడండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకోకండి.

మా అబ్బాయికి నేను ఈ మాట ఇచ్చాను. రెండుసార్లు ఫోన్ వచ్చింది. రెండోసారి రాత్రి ఒంటిగంటన్నర. వెళ్ళాను. దారి పొడుగునా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు, వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఇంటికొచ్చాక పక్కకి తిప్పి పడుకోబెట్టి, వీపుకి దిండు ఆనించి, కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. ఏడింటికి లేచాడు. "నాన్నా, బండి అక్కడే ఉండిపోయింది, వెళ్ళి తెచ్చుకుంటా" అన్నాడు. ఇప్పుడొద్దు, సాయంత్రం ఇద్దరం వెళ్దాం అన్నాను.